కోసుకున్న వేలికొసలు

ఈ కథ ముగింపు ముందే తెలిసిపోయింది. 2022 ఆగస్టు నెలాఖరులో, హైదరాబాదు శివారు ఘట్‌కేసర్ దగ్గర అన్నోజిగూడ లాడ్జిలో బస చేసిన ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. శస్త్రచికిత్స సామాను దొరికింది. నలుగురు అరెస్టయ్యారు. వాళ్లలో ఇద్దరు తిరుపతి ఆసుపత్రుల్లో పనిచేసే టెక్నీషియన్లు, ఒకరిది ఎక్స్‌రే విభాగం, ఇంకొకరిది మత్తుమందు విభాగం. తక్కిన ఇద్దరూ కువైట్‌లో రెక్కలు ముక్కలు చేసుకుని వచ్చిన కూలీలు. ముఠా మూలాలు మన కడప జిల్లాలోనే ఉన్నాయని తేలింది. కువైట్ నుంచి వెళ్లగొట్టబడిన వాళ్ల వేలికొసల మీద పైచర్మం కోసి, లోపలి కండ కొంచెం తీసి, మళ్లీ కుట్టేయడం వాళ్ల పని. మనిషికి 25 వేల రూపాయలు. రాజస్థాన్‌లో, కేరళలో, కడప జిల్లాలో కలిపి కనీసం 11 మందికి అలా కోశారని పోలీసులు చెప్పారు.

వార్త కొన్నాళ్లు నలిగింది. ముఠా సంగతి అందరం చదివాం. కోసినవాళ్ల మీద కేసులు నడుస్తాయి, చట్టం తన పని తాను చేసుకుపోతుంది, అందులో నాకు పేచీ లేదు. నా మనసు ఆగిపోయింది కోయించుకున్నవాళ్ల దగ్గర. తన వేలికొస తనకే శత్రువైపోయిందని, దాన్ని కోసి పారేస్తే తప్ప బతుకు లేదని ఒక మనిషి నమ్మే స్థితికి ఎలా వచ్చాడు? ఏ మెట్టు దగ్గర ఎవరు చెయ్యి అడ్డం పెట్టి ఉంటే ఆగిపోయేవాడు? ఈ నాలుగు మాటలూ ఆ మెట్ల గురించే.

ఆ పదకొండు మంది పేర్లు మనకు అక్కర్లేదు. అలాంటివాళ్లు బయల్దేరే ఊళ్లు మాత్రం మనకు తెలుసు. జమ్మలమడుగు చుట్టుపట్ల నాపరాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. గునపం పెట్టి లేపి, పలకలు తీసి, పాలిషు ఫ్యాక్టరీలో నీళ్లు పోస్తూ అరగదీస్తారు. రాయితోపాటు పట్టుకున్న వేలూ అరుగుతుంది. ప్రొద్దుటూరులో మగ్గం ఉంది, బంగారం పని ఉంది. తెగిన పోగును అతికే నేతగాడి బొటనవేలూ చూపుడువేలూ ఏళ్ల తరబడి ఆ పోగు మీదే దొర్లి దొర్లి నున్నబడతాయి. కొలిమి సెగకూ యాసిడుకూ కమిలిన కంసాలి చేతి మీద గీతలు వెతుక్కోవాలి. పులివెందుల వైపు శెనక్కాయ చేలు, చీనీ తోటలు. ఎండు నేలలోంచి చెట్టు పీకి, కాయ రాల్చి, వొలుచుకుంటూ కూర్చున్న ఆడమనిషి చెయ్యి ఒకసారి దగ్గరగా చూడండి. బొటనవేలి కొస అడ్డంగా చిట్లి, ఆ చీలికలో ఎర్రమన్ను ఇంకిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా ఆ మన్ను పోదు.

ఆ వేలే ఇప్పుడు ఆమె సంతకం, ఆమె తాళంచెవి. బియ్యానికి అదే, పింఛనుకు అదే, ఉపాధి కూలికి అదే. చౌకదుకాణంలో యంత్రం మీద ఆనిస్తే ఎర్రదీపం వెలుగుతుంది. తుడిచి మళ్లీ పెడుతుంది. "వేలు పడలేదమ్మా, రేపు రా" అంటాడు డీలరు. ఈ రెండు ముక్కలు వినని ముసలివాళ్లు మా సీమలో తక్కువ.

వేలిముద్రను మనిషికి గుర్తుగా వాడటం మన దేశంలోనే వేళ్లూనుకుంది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు కంకర సరఫరా చేసే ఒక నాటు కాంట్రాక్టరు అరచేతికి సిరా పూసి ఒప్పంద పత్రం మీద అద్దించుకున్నాడు. రేపు మాట మార్చకుండా ఉండాలని చేసిన ఏర్పాటు అది. ఎదుటివాడి మాట మీద నమ్మకం లేనివాడు వాడి చెయ్యి అడిగాడు. ఆ మొదటి చెయ్యి రాళ్ల వ్యాపారిది కావడం, మన నాపరాయి ఊళ్లను తలుచుకుంటే నాకు గుండెల్లో ఎక్కడో తగులుతుంది. 1897కల్లా కలకత్తాలో వేలిముద్రల కార్యాలయమే వెలిసింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతి తయారుచేస్తే, అది పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచమంతా తిరిగింది.

అయితే వేలిముద్ర మన జిల్లాకు మొదట కీడుగా రాలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే కథకు న్యాయం జరగదు. ఆధార్ ఇంకా ఊళ్లకు పూర్తిగా చేరని రోజుల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలీకీ పింఛన్లకూ వేలిముద్రల స్మార్ట్ కార్డులు తెచ్చింది. ఆ ప్రయోగాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో, దాదాపు కోటీ తొంభై లక్షల జనాభా మధ్య పరిశీలించారు. ఆ ఎనిమిది జిల్లాల్లో కడప ఒకటి. 2016లో అచ్చయిన వాళ్ల ఫలితాలు చూస్తే కళ్లు చెమర్చేంత మంచి జరిగింది. కూలి డబ్బు ముందుకన్నా త్వరగా చేతికొచ్చింది. ఉపాధి పథకంలో మధ్యవాళ్లు మింగే సొమ్ము 41 శాతం తగ్గింది. దొంగలెక్కల్లో ఇన్నాళ్లూ పోయిన కూలి, చెమట చిందించిన వాళ్లకే దక్కింది.

అది ఫలించడానికి ఒక చిన్న కారణం ఉంది. తర్వాతి కాలం ఆ కారణాన్ని మరిచిపోయింది. అప్పట్లో కార్డు లేకపోయినా, వేలు పడకపోయినా, మనిషిని ఎరిగిన మనిషి డబ్బు ఇచ్చే వీలు ఉంచారు. యంత్రం కాదన్నాక కూడా ఒక పక్కవాకిలి తెరిచే ఉంది. అదే ఆర్థికవేత్తలు తర్వాత జార్ఖండ్‌లో ఆధార్‌ను తప్పనిసరి చేసిన రేషను పద్ధతిని పరిశీలిస్తే, నిజమైన లబ్ధిదారులే బియ్యం పోగొట్టుకోవడం కనబడింది. 2016-17 ఆర్థిక సర్వేలో కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకుంది: యంత్రం గుర్తుపట్టక విఫలమైన వంతు జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, మన కృష్ణా జిల్లాలో 5. ఐదంటే తక్కువేగా అనిపిస్తుంది. ఆ ఐదుగురిలో ఒకరు మన అవ్వ అయినప్పుడు తెలుస్తుంది.

కడపలో తెరిచి ఉంచిన ఆ పక్కవాకిలినే దేశమంతటికీ నమూనాగా పెట్టుకుని ఉంటే! ఇది మొదటి మెట్టు. ఇక్కడే ఆగి ఉండొచ్చు.

రెండో మెట్టు గోప్యత. మనిషి దగ్గర ముద్ర తీసుకున్నవాడు దాన్ని తన ఇంటి నగలా దాచాలి. దాచలేదు. 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సంస్థ తరఫున అంబర్ సిన్హా, హైదరాబాదీ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలోంచి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని లెక్కగట్టారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి కూలీ చెల్లింపుల పట్టిక. మరుసటేడు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షా ముప్ఫై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలతో సహా ఎవరైనా చదువుకునేలా కనిపించాయి. ఇల్లు ఇమ్మని అర్జీ పెట్టుకున్న పేదవాడి గుట్టు వీధి గోడ మీద కాగితమైంది.

అదే 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికిపోయాడు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఉన్న భూముల దస్తావేజుల మీది వేలిముద్రలు చూసి, రబ్బరు స్టాంపులు చేయించి, వేల సిమ్ములు తెరిచాడు. నాలుగేళ్ల తర్వాత, 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్న మరో ముఠా కూడా రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలకే నకళ్లు తీసి జనం ఖాతాల్లో డబ్బు లాగింది. తాత ఇచ్చిన నాలుగు సెంట్లు రాయించుకోవడానికి వేసిన ముద్ర మనవడి ఖాతా ఊడ్చేసింది. తాళం పోతే తాళం మారుస్తాం. పాస్‌వర్డు పోతే కొత్తది పెట్టుకుంటాం. వేలు పోతే?

ఈ ప్రశ్న దగ్గరే ఆ పదకొండు మంది చేతులు నాకు కళ్లముందుకొస్తాయి. మార్చడానికి వీల్లేనిదాన్ని వాళ్లు మార్చబోయారు.

కువైట్ గురించి కడప జిల్లా వాళ్లకు చెప్పనవసరం లేదు. రాజంపేట, రాయచోటి నుంచి మొదలై ఉమ్మడి జిల్లా అంతటా పాకిన వలస అది. వాన మొండికేసిన ఏడు, బోరు ఎండిన ఏడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసి విమానం ఎక్కుతారు. ఆడవాళ్లు ఇంటిపనికి, మగవాళ్లు డ్రైవరు పనికి, గొర్రెల మందల దగ్గరికి. చాలామందికి దొరికేది ఖాదిం వీసా, అంటే ఇంటి నౌకరు వీసా. ఆ వీసా మీద వెళ్లినవాడు తనను పిలిపించుకున్న యజమాని, అంటే కఫీలు, ఇంటికి కట్టుబడి ఉండాలి. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, పస్తు పెట్టినా ఆ ఇల్లు దాటితే నేరస్థుడు. కఫీలు ఒక్క ఫిర్యాదు పెడితే అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది. ఆ రోజు నుంచి మనిషి ఖల్లివల్లి. అరబ్బుల నోట విని మనవాళ్లు తెచ్చుకున్న ఆ మాటకు మా ఊళ్లలో కాగితాలు లేనివాడని అర్థం. బయట పనిచేస్తాడు, ఇంటికి డబ్బు పంపుతాడు, బతాకా (గుర్తింపు కార్డు) అడిగే పోలీసు కనబడితే సందులోకి తప్పుకుంటాడు. ఇక్కడ ఆ డబ్బుతో అక్క పెళ్లవుతుంది, ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తాళిబొట్టు కొంటారు, కొట్టం మీద స్లాబు పడుతుంది. స్లాబు పడిన ఇంట్లో ఎవరికీ తెలియదు, అక్కడ మేడ మీది గదిలో పదిమంది మధ్య పడుకున్న మనిషి ప్రతి బూటు చప్పుడుకూ లేచి కూర్చుంటాడని.

పట్టుబడితే జైలు. జైల్లో పదివేళ్లూ యంత్రం మీద పెట్టిస్తారు. ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణ పత్రం చేతికిచ్చి విమానం ఎక్కిస్తారు. పేరు మార్చుకుని కొత్త పాస్‌పోర్టు తెచ్చుకుని మళ్లీ దిగినా, విమానాశ్రయంలో యంత్రం వేలిని చూసి నువ్వే ఫలానా అంటుంది. వెనక్కి పంపుతుంది. కఫీలు చేసిన అన్యాయం ఆ ముద్రలో నమోదు కాలేదు. జీతం రాని పద్నాలుగు నెలలు అందులో లేవు. వెళ్లగొట్టబడ్డాడన్న ఒక్క సంగతే ఉంది. అది ఎప్పటికి చెరుగుతుందో, ఎవరికి మొరపెట్టుకుంటే చెరుగుతుందో ఆ మనిషికి చెప్పేవాళ్లు లేరు.

ఒక దేశం తన గడప కాపాడుకోవడం తప్పని నేను అనను. దొంగ పాస్‌పోర్టుతో వచ్చేవాడిని ఆపాలి, మనుషుల్ని అమ్ముకునే దళారీని పట్టాలి. దానికి గట్టి గుర్తింపు కావాలి. కానీ గుర్తింపు గట్టిపడేకొద్దీ మనిషి మాట వినే చెవి కూడా గట్టిగా ఉండాలి. రెండోది పెరగలేదు. నా దుఃఖమంతా అక్కడే.

తప్పిపోయిన అవకాశాలు ఇంకా ఉన్నాయి. వాటిని వరసగా తలుచుకోవడం పుండు మీద వేలు పెట్టుకున్నట్టే ఉంటుంది, అయినా తలుచుకోవాలి.

2018 జనవరి 29 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది. ఏప్రిల్ దాకా పొడిగించింది. కాగితాలు లేనివాళ్లు ఆ గడువులో జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చు, కొత్త వీసా మీద తిరిగి రావచ్చు. నిషేధముద్ర పడదు. ఎంతోమంది వెళ్లారు. వెళ్లనివాళ్లూ ఉన్నారు. అప్పు తీరలేదని, ఇంకో ఆరు నెలలు పనిచేస్తే చెల్లి చదువైపోతుందని, ఈసారికి దొరకనులే అని ఆగారు. గడువు దాటాక దొరికారు. ఆ ఆరు నెలల ఆశ ఖరీదు ఎంతో అప్పుడు ఎవరికి తెలుసు?

2020 ఏప్రిల్‌లో మళ్లీ క్షమాభిక్ష. ఈసారి టికెట్టు కూడా కువైట్ ఖర్చే. మూటాముల్లె సర్దుకుని వేలమంది శిబిరాలకు చేరారు. ఇక్కడ కరోనా లాక్‌డౌన్, మన ఆకాశం మూసి ఉంది. పేరు రాయించుకున్నవాళ్లు విమానం కోసం ఆ శిబిరాల్లో వారాల తరబడి ఎదురుచూశారు. ఆ వార్తలు విన్న ఎందరు వెనక్కి తగ్గి గదుల్లోనే దాక్కున్నారో ఊహించుకోవచ్చు.

ఇక న్యాయస్థానాల సంగతి. 2015 జూన్ 26న కువైట్‌లో ఇమామ్ అల్ సాదిఖ్ మసీదులో బాంబు పేలి 27 మంది ప్రాణాలు పోయాయి. ఆ గాయంలోంచి, దేశంలోని ప్రతి పౌరుడూ ప్రతి వలస కూలీ చివరికి చూడవచ్చిన చుట్టం కూడా డీఎన్‌ఏ నమూనా ఇవ్వాలన్న చట్టం పుట్టింది. 2017 అక్టోబరు 5న కువైట్ రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది, అది వ్యక్తి స్వేచ్ఛకు భంగమని. అంతకు ఆరు వారాల ముందు, 2017 ఆగస్టు 24న, ఢిల్లీలో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత మన ప్రాథమిక హక్కని తేల్చారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి. కూలీని పంపే దేశం, కూలీని తీసుకునే దేశం ఒకే ఏడాదిలో ఒకే మాట పలికాయి: ఒంటిలోని గుర్తు మనిషి సొత్తు. ఆ రెండు తీర్పుల మధ్య ఒక వంతెన కట్టి ఉంటే, రెండు ప్రభుత్వాలు కూర్చుని వెళ్లగొట్టబడిన కూలీ ముద్రకు ఒక గడువు, ఒక అప్పీలు ఏర్పాటు చేసుకుని ఉంటే, అన్నోజిగూడ ఉండేది కాదు.

2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. ఎవరు ఎప్పుడు ఎక్కడ వేలు పెట్టారన్న రికార్డును ఐదేళ్లు దాచే నిబంధన చెల్లదని, ఆరు నెలలకు మించి ఉంచరాదని ఆదేశించింది. గుర్తుకూ ఒక ఆయుష్షు ఉండాలన్న జ్ఞానం అది. అదే జ్ఞానంతో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఆ ఏడాది జూలైలోనే వ్యక్తిగత సమాచార రక్షణకు చిత్తుచట్టం రాసిచ్చింది. పని తీరిన సమాచారాన్ని చెరిపేయాలని అందులో ఉంది. 2019లో బిల్లు పార్లమెంటుకు వచ్చింది. కమిటీల్లో నలిగింది. 2022 ఆగస్టు 3న ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. ఆ నెల గడవక ముందే లాడ్జి తలుపు తట్టారు పోలీసులు. ఒకదానికి ఒకటి కారణమని అనను. కానీ చట్టం లేని ఆ నెలను, కత్తి ఉన్న ఆ నెలను నేను విడివిడిగా గుర్తుపెట్టుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఆ కోత దగ్గరికి రాక తప్పదు.

బిడ్డ తల్లి కడుపులో ఉండగానే, నాలుగో నెల నాటికి వేలికొసల మీద గీతలు ఏర్పడతాయి. కవలపిల్లలకు కూడా ఒకే తీరున పడవు. పైచర్మం కింద, లోపలి పొరలో వాటి అచ్చు ఉంటుంది. అందుకే పైన కాలినా, గీసుకున్నా, మానగానే అవే గీతలు అలాగే తిరిగి మొలుస్తాయి. ఆ అచ్చునే చెదరగొట్టాలని కత్తి లోపలికి దింపారు. మత్తుసూది వేశారు. ఒక్కో వేలికొస తెరిచి, కండ తీసి, చర్మం దగ్గరికి లాగి కుట్లు వేశారు. వేలికొసల్లో నరాలు ఎంత చిక్కగా ఉంటాయో మనందరికీ తెలుసు, చిన్న ముల్లు గుచ్చుకుంటేనే ప్రాణం లేచివస్తుంది. మత్తు దిగాక ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుంది? కట్లు కట్టిన చేతులతో ముద్ద కలుపుకోలేడు. గుండీ పెట్టుకోలేడు. బిడ్డ తల నిమరలేడు. పక్కన కూర్చుని ముద్ద పెట్టింది భార్యో, అమ్మో. ఏమైంది నాయనా అని అడిగిన ఇరుగింటివాళ్లకు ఏం చెప్పి ఉంటారో.

ఒకటి రెండు నెలల్లో పుండు మానుతుంది. గీతల తీరు కాస్త మారుతుంది. ఆ మారిన వేలితో ఆధార్‌లో కొత్త ముద్రలు, కొత్త చిరునామా ఎక్కించుకుని, మళ్లీ వీసాకు వెళ్లేవాళ్లని పోలీసులు వివరించారు. ఆ మార్పు ఎంతకాలం నిలుస్తుంది? ఏడాది. అంతే. లోపలి అచ్చు మెల్లగా మళ్లీ పైకి వస్తుంది. ఒక ఏడాది కూలి కోసం తల్లి కడుపులో దిద్దుకున్న గీతల్ని కోయించుకున్నాడు మనిషి. ముఠాలో దొరికిన కువైట్ కూలీలు కూడా తమ వేళ్లు కోయించుకున్నవాళ్లే. మోసగాళ్లన్నారు వాళ్లని. చట్టం ప్రకారం అది నిజమే. ఆ మోసంలో మొదట నెత్తురు కారింది ఎవరి చెయ్యో కూడా నిజమే.

నూరేళ్ల కిందట దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులందరూ వేలిముద్రలిచ్చి రిజిస్టరు కావాలని చట్టం చేసింది. గాంధీ నడిపిన సత్యాగ్రహంలో 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్ మసీదు దగ్గర రెండువేల మందికి పైగా తమ రిజిస్ట్రేషన్ పత్రాల్ని ఒక్కచోట పోసి తగలబెట్టారు. వాళ్లు కాగితాలు కాల్చారు. నలుగురూ చూస్తుండగా, తలెత్తుకుని కాల్చారు. వాళ్లకు సంఘం ఉంది, నాయకుడు ఉన్నాడు, మొర వినిపించడానికి ఒక భాష ఉంది. మా కడప మనిషికి ఇవేవీ లేవు. ఎవరికీ చెప్పకుండా, దీపం కింద, అద్దెగదిలో, తన చర్మమే ఇచ్చాడు. వందేళ్లలో మనం ఎక్కడికి వచ్చామో కొలవాలంటే నాకు ఈ రెండు దృశ్యాలు చాలు.

ఆ కోత కూడా వృథా అయింది. కువైట్ 2023 మే నుంచి దేశంలో ఉన్న పెద్దవాళ్లందరి దగ్గరా పదివేళ్లతోపాటు కంటిపాప, ముఖం కూడా తీసుకోవడం మొదలుపెట్టింది. విదేశీయులకు 2024 డిసెంబరు 31 గడువు పెట్టింది. వేలు మారితే కన్ను పట్టిస్తుంది. కన్ను కోసే కత్తి ఏ లాడ్జిలోనూ దొరకదు. 2024 మార్చి 17 నుంచి జూన్ చివరి దాకా ఇంకొక క్షమాభిక్ష ఇచ్చారు. ఆ గడువులో దర్జాగా ఇంటికొచ్చి, మళ్లీ సక్రమంగా వెళ్లినవాళ్లు ఉన్నారు. కోయించుకున్నవాళ్లు ఆ రోజు దాకా ఆగి ఉంటే అనిపిస్తుంది. కానీ ఒకసారి వెళ్లగొట్టబడినవాడికి క్షమాభిక్ష వర్తించదు. వాళ్ల తలుపు అప్పటికే మూసుకుంది.

మనకు చివరికి చట్టం వచ్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి ఆపైన ఏడాదిన్నర గడువు. అవసరం తీరాక సమాచారం చెరిపేయాలని కంపెనీలకు చెప్పింది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం పెద్ద మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రం చేతిలోనే ఉంచుకుంది. పేదవాడి వేలు అడిగేది ఎక్కువగా ప్రభుత్వమే. అందువల్ల ఆ రక్షణ చేరవలసిన చేతికి సగమే చేరుతుంది.

ఈ కాగితం చదివే మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒకరు కువైట్‌లో ఉండే ఉంటారు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో అలాంటి ఇల్లు వెతకనక్కర్లేదు. అకామా పోయిందని ఫోనులో గొంతు తగ్గించి చెబితే, ఇంకో ఆరు నెలలు ఓర్చుకో నాయనా అనకండి. రాయబార కార్యాలయానికి వెళ్లమనండి. క్షమాభిక్ష ప్రకటించిన రోజే బయల్దేరమనండి, అప్పు సంగతి తర్వాత చూసుకుందామనండి. ఇప్పటికే వెళ్లగొట్టబడి ఇల్లు చేరినవాడుంటే, పాతికవేలకు పని జరుగుతుందని చెప్పే దళారిని గడప తొక్కనివ్వకండి. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది, పక్కింటి చదువుకున్న పిల్లను కూర్చోబెట్టి మీ అమ్మకు ఆ తాళం వేయించండి, వేలు పెట్టాల్సిన రోజున తీయడం కూడా నేర్పించండి. వేలు పడలేదని బియ్యం ఆపితే ఊరుకోకండి, అలా ఆపకూడదని సుప్రీంకోర్టే చెప్పిందని డీలరుకు గుర్తుచేయండి. వెళ్లగొట్టబడిన కూలీ ముద్రకు ఒక గడువు, ఒక అప్పీలు ఉండేలా కువైట్‌తో మాట్లాడమని మీ ఎంపీని అడగండి. ఈసారి ఓట్లకు వచ్చినప్పుడే అడగండి.